ఎండ ఊరి వేళలు

మైలవరంలో ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్ళలో కొందరు సెలవుల్లో దక్షిణ స్పెయిన్‌లోని సెవిల్ నగరం చూడ్డానికి వెళ్ళి ఫొటోలు పంపుతుంటారు. ఫొటోల్లో ప్రాసాదాలు, గోపురాలు బ్రహ్మాండంగా ఉంటాయి. మనుషుల మొహాలు మాత్రం ఎండకు వాడిపోయి, ఎప్పుడెప్పుడు గదికి చేరదామా అన్నట్టుంటాయి. విచిత్రమేమిటంటే వీళ్ళంతా మెట్ట ప్రాంతపు పిల్లలు. ఎండలో పుట్టి ఎండలో పెరిగినవాళ్ళు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం గడప దాటితే నాయనమ్మ తిట్టే తిట్లు వింటూ ఎదిగినవాళ్ళు. ఆ తిట్లలోని తెలివిని విమానం ఎక్కేముందు ఇంట్లోనే వదిలేసి వెళ్ళారు.

ఊరు చూడటం ఒక విద్య. దానికి డబ్బుకన్నా ముందు కావలసింది అణకువ. ఆ ఊరు ఎప్పుడు లేస్తుంది, ఎప్పుడు తలుపులు వేసుకుంటుంది, ఎప్పుడు వీధిలోకి వచ్చి కూర్చుంటుంది అనేది గమనించి మన రోజును దానికి అప్పజెప్పాలి. ఈ సంగతి తెలుసుకోవడానికి సెవిల్ దాకా పోనక్కర్లేదు. మైలవరం బస్టాండులో బస్సెక్కి కొండపల్లి వెళ్ళివస్తే చాలు. అందుకని ఈ అధ్యాయంలో రెండు సీమల కబుర్లూ కలిపే చెబుతాను. ఒకటి మీరు ఎప్పటికైనా వెళ్ళాలనుకునేది, రెండోది వచ్చే ఆదివారమే వెళ్ళగలిగేది.

తొమ్మిదింటి టిఫిన్ పద్ధతి

మన విహారయాత్రలన్నీ ఒకే మూసలో పోసినట్టుంటాయి. ఏడింటికి లేచి, స్నానాలై, తొమ్మిదింటికి టిఫిన్ చేసి, పదింటికి వ్యాను ఎక్కి, పదకొండింటికి మొదటి గుడి. అప్పటికే రాళ్ళు కాలుతుంటాయి. చెప్పులు బయట విడవాలి. ప్రాకారంలో మనవాళ్ళు ప్రదక్షిణ చేయరు, గెంతుతారు. ఒంటిగంటకు భోజనం, రెండింటికి కోట, మూడింటికి పిల్లల ఏడుపులు, నాలుగింటికి పెద్దాయన బీపీ మాత్రల వెతుకులాట. ఆరింటికి చల్లగాలి తిరిగేసరికి అందరూ వ్యానులో నోళ్ళు తెరిచి నిద్ర. ఊరు బాగుండే రెండు వేళలనూ వదిలేసి, ఊరు తలుపులు మూసుకునే వేళలో దాన్ని వెతుక్కుంటూ తిరిగారన్నమాట.

సెవిల్ వాళ్ళు ఈ విషయంలో మహా నిక్కచ్చి. జూలై, ఆగస్టుల్లో అక్కడ నలభై డిగ్రీలు దాటడం మామూలే. మధ్యాహ్నం రెండు దాటాక చిన్న దుకాణాలు షట్టర్లు దించేస్తాయి. మళ్ళీ తెరిచేది ఐదు తర్వాతే. రాత్రి భోజనం ఎనిమిదింటికి అడిగితే వింతగా చూస్తారు. పాత బజారులోని సియెర్పెస్ వీధి మీద వేసవి పొడవునా ఈ మిద్దె నుంచి ఆ మిద్దెకు గుడ్డ పందిళ్ళు కడతారు. తుఫానులకు పెట్టినట్టే వడగాడ్పుకు కూడా పేరు పెట్టిన మొదటి నగరం అదే. 2022 జూలైలో వచ్చినదానికి జోయి అని పేరు పెట్టారు. పేరుంటే జనం భయపడి జాగ్రత్తపడతారని వాళ్ళ లెక్క. 2015 మే నెల వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయిన సంగతి గుర్తున్నవాళ్ళకు ఆ లెక్క చాదస్తంగా తోచదు.

అయితే అక్కడి గంటలు ఇక్కడా, ఇక్కడి గంటలు అక్కడా పనికిరావు. స్పెయిన్ భూగోళం మీద బ్రిటన్‌కు దిగువన ఉన్నా, 1940 నుంచి జర్మనీ టైము పాటిస్తోంది. వేసవిలో దానికి ఇంకో గంట కలుపుతారు. దాంతో జూలైలో సెవిల్ సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాటితే గాని దిగడు. ఎండ తీవ్రమయ్యేది సాయంత్రం ఐదు, ఆరింటికి. మన మెట్టలో రెండు, మూడున్నర మధ్య మాడ్చేస్తుంది, ఏడు కాకముందే పొద్దు గూకుతుంది. ‘ఐదింటికి చల్లబడుతుందిలే’ అని మైలవరం లెక్కతో సెవిల్ వీధిలోకి వెళ్ళినవాడు సరిగ్గా మంట వేళకే దొరికిపోతాడు. కాబట్టి కొత్త ఊరు వెళ్ళేముందు అక్కడ పొద్దు ఎప్పుడు పొడుస్తుందో, ఎప్పుడు గూకుతుందో, ఎండ ఏ గంటకు నెత్తికెక్కుతుందో కనుక్కోండి. చూడదగ్గ స్థలాల పట్టిక ఆ తర్వాత వేసుకోవచ్చు.

నీళ్ళు, గొడుగు, నూలు బట్టలు, పెద్దవాళ్ళ మందులు, ఇవన్నీ మీకు తెలిసినవే. వేరే చెప్పను.

కొండపల్లిలో ఒక పూట

మైలవరం నుంచి విజయవాడ వైపు 30వ నంబరు జాతీయ రహదారి మీద జి.కొండూరు దాటితే కొండపల్లి వస్తుంది. కోట తెరిచే వేళ ముందురోజే అడిగి తెలుసుకోండి. తెరవగానే లోపలికి పోయే మొదటి మనుషుల్లో మీరుండాలి. రాయి వేడెక్కేలోపు కొండ దిగాలి. ఈ కోటను పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కట్టించాడంటారు. తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, గోల్కొండ కుతుబ్‌షాహీలు, చివరికి 1766లో ఇంగ్లీషువాళ్ళు. ఈ వరస బట్టీ పట్టనక్కర్లేదు. మూడంతస్తుల రాతికట్టడం ముందు నిలబడి, ఇంతమంది ఈ కొండ కోసం ఎందుకు కొట్టుకున్నారని ఒక్క ప్రశ్న వేసుకోండి. చుట్టూ చూస్తే జవాబు దొరుకుతుంది. ఒకవైపు కృష్ణ లోయ, ఇంకోవైపు వరస కొండలు, తీరం నుంచి ఎగువ సీమకు పోయే దారులు. ఈ కొండ చేతిలో ఉన్నవాడికి దారి చేతిలో ఉన్నట్టే.

కింద బొమ్మల కాలనీకి వచ్చాక మాత్రం తొందరపడొద్దు. మా ప్రాంతం మొత్తంలో ఒక్క చోటు చూసే తీరిక మాత్రమే ఉందంటే నేను ఈ కాలనీ పేరే చెబుతాను. కోట వదులుకున్నా ఫరవాలేదు. పని జరిగేది నీడలో, ఇంటి వసారాల్లో కాబట్టి పదింటి ఎండ కూడా ఇక్కడ బాధించదు.

వచ్చేవాళ్ళు చేసేదేమిటంటే, నాలుగు దుకాణాలు తిరిగి, దశావతారాల ధర అడిగి, ఎక్కువని గొణిగి, చిన్న ఎద్దులబండి కొనుక్కుని వెళ్ళిపోతారు. మీరు అలా చేయకండి. ఒక బొమ్మను ఎంచుకోండి. అంబారీ ఏనుగో, తాటిచెట్టెక్కే గీత కార్మికుడో. అది చెక్కముక్కగా ఉన్నప్పటి నుంచి రంగులు దిద్దేదాకా ఏయే చేతులు దాటుతుందో చూడాలని పట్టుబట్టండి. చెక్క తెల్లపొణికి, ఈ కొండల అడవిలో పెరిగే చెట్టు. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. కోసిన చెక్కలో తడి పోయేదాకా సన్నని సెగన ఆరబెడతారు. ఒళ్ళు, చేతులు, తొండం, తాటాకులు వేటికవి విడిగా చెక్కి నునుపు చేస్తారు. వాటిని అతికేది చింతగింజల జిగురుతో. అతుకుల సందులను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో పూడ్చి, ఆ ముద్దతోనే బుగ్గలకూ భుజాలకూ ఒంపు తెస్తారు. ఆరాక సున్నం పూత, దాని మీద రంగులు. రంగుల పని చాలా ఇళ్ళలో ఆడవాళ్ళది. తరతరాలుగా ఈ పని చేస్తున్న ఆర్యక్షత్రియులు తమ పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెబుతారు.

అక్కడ నోరు విప్పే పద్ధతి ఒకటుంది. మొదటి ప్రశ్న ధర అయితే ఇక మాటంతా ధర చుట్టూనే తిరుగుతుంది. ‘పొణికి చెక్క ఇప్పుడు దొరుకుతోందా బాబాయ్?’ అని అడిగి చూడండి. అడవి ఎంత తరిగింది, చెట్టు నాటితే ఎన్నేళ్ళకు చేతికొస్తుంది, కొడుకు ఈ పనిలోకి వచ్చాడా విజయవాడలో ఉద్యోగానికి పోయాడా, దసరా బొమ్మల కొలువుకు గిరాకీ ఎలా ఉంది, అన్నీ వరసగా వస్తాయి. అడ్డు రాకుండా వినడమే ఇక మీ పని. మనవాళ్ళకు ఇదే చాలా కష్టం. అవతలివాడు రెండు వాక్యాలు చెప్పేసరికి ‘మీరు ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు కదా’ అని సలహా మొదలుపెడతారు. ఆ సలహా ఆయన మీకన్నా ముందు వందమంది దగ్గర విన్నాడు.

సెవిల్‌లో కొండపల్లికి సాటి వచ్చేది త్రియానా. గ్వాడల్‌క్వివిర్ నదికి అవతలి ఒడ్డున ఉన్న కుమ్మరుల పేట. నది మట్టితో పలకలు చేసి, రంగుల గాజుపూత పూసి, ఆవంలో కాల్చి, నగరంలో గోడలకూ మెట్లకూ చివరికి బెంచీలకూ అతికించారు. పాత ఆవాలున్న కార్ఖానాలోనే ఇప్పుడు మ్యూజియం నడుస్తోంది. యాత్రికులు అల్కాసర్ రాజప్రాసాదంలో పలకల గోడల ముందు నిలబడి ఫొటో దిగుతారు గాని, అలాంటి పలకలు తయారైన పేటకు వంతెన దాటి పోరు. అల్కాసర్ 1987లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన కట్టడం, వరుసలో నిలబడైనా చూడాల్సిందే. త్రియానా ముందు చూసి అల్కాసర్‌కు వెళ్ళినవాళ్ళకు ఆ గోడలో పనితనం తెలుస్తుంది. నేరుగా వెళ్ళినవాళ్ళకు రంగు తెలుస్తుంది. కొండపల్లిలో ఎండ భయానికి కోటను ముందు పెట్టాను గాని, వేసవి కాకపోతే బొమ్మల కాలనీ నుంచే మొదలుపెట్టమనేవాణ్ణి.

మధ్యాహ్నం

మధ్యాహ్నం ఏమీ చేయకండి. వేళాకోళానికి అనడం లేదు. రెండు గంటలు ఊరికే కూర్చోవడం వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు గిట్టని పని అని నాకూ తెలుసు. ఎండ ఊళ్ళు మాత్రం ఆ రెండు గంటలను లెక్కలో పెట్టుకునే ఇళ్ళు కట్టుకున్నాయి. కృష్ణా, గోదావరి జిల్లాల మండువా లోగిలి నడుమ ఆకాశానికి తెరిచి ఉంటుంది. వెలుతురు, గాలి, వాన నీళ్ళు అక్కడ దిగుతాయి. చుట్టూ వసారాలో మనుషులు మంచాలు వేసుకుంటారు. సెవిల్ పాత ఇళ్ళు కూడా అంతే. వీధి వైపు సున్నం కొట్టిన మందపు గోడ, లోపల నాలుగు పంచల నడుమ ముంగిలి, అందులో నీళ్ళ తొట్టి, పూలకుండీలు. పక్కనున్న కార్డోబా నగరంలో ఏటా మే నెలలో ఇళ్ళవాళ్ళు తమ ముంగిళ్ళను ఊరందరికీ తెరిచిపెడతారు. 2012లో యునెస్కో ఆ వేడుకను గుర్తించింది. మన దగ్గర మిగిలిన మండువా ఇళ్ళు ఏ వేడుకకూ తెరుచుకోవు. కూలిపోయాక స్థలం ధర గురించి మాత్రం మాట్లాడుకుంటారు. మీకు తెలిసిన అలాంటి ఇల్లు ఎక్కడైనా ఉంటే, ఓ మధ్యాహ్నం వెళ్ళి ‘పిన్నిగారూ, కాసేపు కూర్చుని వెళ్తానండీ’ అనండి. ఎవరూ కాదనరు. మంచినీళ్ళతో మొదలై మజ్జిగ దాకా వస్తుంది.

ఎండలో పనిచేసేవాళ్ళు ఏం తాగుతున్నారో చూసి మీరూ అదే అడగండి. టమాటా, దోసకాయ, వెల్లుల్లి, నిన్నటి రొట్టె, ఆలివ్ నూనె కలిపి రుబ్బి చల్లగా తాగే గస్పాచో దక్షిణ స్పెయిన్‌లో పొలం పనివాళ్ళ తిండిగా పుట్టింది. మన చద్దన్నం, తరవాణి కూడా అంతే కదా. మెట్టలో ఏప్రిల్, మే వస్తే ముంజలు, మజ్జిగ, ఆపైన మామిడి.

మామిడి దగ్గర కాస్త ఆగాలి. సెవిల్ వీధుల నిండా నారింజ చెట్లుంటాయి. ముచ్చటపడి కోసి తింటే నోరంతా చేదు. అది బ్రిటన్‌లో మార్మలేడ్ జామ్‌కు వాడే రకం. మైలవరం, రెడ్డిగూడెం, ఎ.కొండూరు, విస్సన్నపేట తోటల్లో అలాంటి మోసం లేదు. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు, ఏ చెట్టు కిందికి వెళ్ళినా నిరాశ ఉండదు. రసాన్ని కత్తితో కోయకూడదు. రెండు చేతుల్లో మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి సొన పిండి పారేసి నోటికి పెట్టుకోవాలి. చొక్కా పాడవుతుందనుకునేవాళ్ళు బంగినపల్లి ముక్కలు ఫోర్కుతో తినొచ్చు. నా దృష్టిలో వాళ్ళు మామిడి తిన్నట్టు కాదు. ఒక్క హెచ్చరిక: తోటలోకి అడక్కుండా అడుగుపెట్టొద్దు. చాలా తోటల కాపు ముందే వ్యాపారులకు అమ్ముడుపోయి ఉంటుంది. కాపలా ఉన్న మనిషి రైతు కాకపోవచ్చు. కాయల లెక్క తేడా వస్తే మాటపడేది ఆ జీతగాడే. కొనేటప్పుడు రోడ్డు పక్కన నిగనిగలాడే పండ్లకన్నా పక్వానికొచ్చిన కాయలు అడిగి తీసుకుని, ఇంట్లో వరిగడ్డిలో మాగేసుకోవడం మేలు. కార్బైడ్‌తో మాగేయడం నిషేధం అయినా ఆ పాడుపని ఇంకా పూర్తిగా ఆగలేదు.

మధ్యాహ్నం చేయదగ్గ పని ఒకటుంది, చదువు. రేపు చూడబోయేదాని గురించి ఇవాళ నీడన కూర్చుని చదవాలి. జగ్గయ్యపేట వెళ్ళొచ్చినవాళ్ళు ‘అక్కడ చూడ్డానికేముందండీ’ అంటుంటారు. నిజమే, అక్కడి ధనంబోడు గుట్ట మీద కనిపించేది బౌద్ధ స్తూపం అడుగుభాగం, కొన్ని రాతిపలకలు. చదివి వెళ్ళినవాళ్ళ సంగతి వేరు. 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్గెస్ అక్కడ తవ్వకాలు జరిపించాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద ఆయన పుస్తకం 1887లో అచ్చయింది. స్తూపం ముందు నిలిపిన ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరపు శాసనం చెక్కి ఉంది. ఆ స్తంభాలు చేయించి ఇచ్చిన దాత రాజూ కాదు, శ్రేష్ఠీ కాదు, సిద్ధార్థుడనే ఒక పనివాడు. పదిహేడు వందల ఏళ్ళ కిందటి ఒక శిల్పి తన పేరు, తండ్రి పేరు, తన ఊరు చెప్పుకుని రాయించిన రాయి అది. పొద్దున కొండపల్లిలో ఉలి పట్టిన చెయ్యిని చూసి, మర్నాడు ఈ గుట్ట ఎక్కితే ‘చూడ్డానికేముంది’ అనే మాట నోట రాదు.

ఇక్కడ దొరికిన శిల్పాల్లో అందరికీ తెలిసింది, చెయ్యెత్తి నాణేల వాన కురిపిస్తున్న చక్రవర్తి పలక. అది ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. సెవిల్ పక్కన కూడా ఇటాలికా అని ఒక రోమన్ శిథిల నగరం ఉంది. ట్రాజన్ చక్రవర్తి పుట్టిన చోటు. అక్కడి విగ్రహాలు చాలావరకు సెవిల్ మ్యూజియానికి చేరాయి. రెండింటిలో తేడా ఏమిటంటే, ఇటాలికా విగ్రహాల్లో ఎక్కువ భాగం పక్క నగరం దాటి పోలేదు. జగ్గయ్యపేట పిల్లవాడు తన ఊరి శిల్పం చూడాలంటే రైలెక్కి పక్క రాష్ట్రానికి పోవాలి. ఈసారి చెన్నైకి పెళ్ళికి వెళ్ళినప్పుడు ఒక పూట ఎగ్మూరుకు కేటాయించండి. అదీ జగ్గయ్యపేట చూడటంలో భాగమే.

జగ్గయ్యపేట దాకా వెళ్ళినవాళ్ళకు దగ్గర్లోనే వేదాద్రి యోగానంద నరసింహస్వామి, ముక్త్యాల ముక్తేశ్వరుడు ఉన్నారు, ఇద్దరూ కృష్ణ ఒడ్డునే. సూర్యోదయానికి వెళ్ళండి, అంతకన్నా చెప్పాల్సింది లేదు.

రాత్రి, జనంలో

ఎండ ఊళ్ళలో కళలన్నీ పొద్దు గూకాకే నిద్రలేస్తాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో మైలవరం రాజావారు బాలభారతీ నాటక సమాజాన్ని పోషించారు. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటులు ఆ సమాజంలో ఆడారు. కపిలవాయి పద్యాల గ్రామఫోన్ రికార్డులు తెలుగునాడంతా మోగాయి. ఇవాళ మైలవరంలో ఆ సంగతి అడిగితే కుర్రవాళ్ళు తెల్లమొహం వేస్తారు. తప్పు వాళ్ళది కాదు, చెప్పినవాళ్ళు లేరు. తిరునాళ్ళలో, జాతరల్లో పద్యనాటకం మాత్రం ఇంకా ఆడుతున్నారు. ఎక్కడైనా హరిశ్చంద్రో, కృష్ణరాయబారమో ఉందని తెలిస్తే వెళ్ళి కూర్చోండి. అక్కడ ప్రేక్షకుడికీ పని ఉంది. హార్మోనియం శ్రుతి పట్టగానే నటుడు రాగం తీస్తాడు. ఆ రాగం ఎంతసేపు సాగాలనేది సగం నటుడి ఊపిరి మీద, సగం ముందు వరుసల్లో కూర్చున్న ముసలాయన తల ఊపు మీద ఆధారపడి ఉంటుంది. నచ్చితే ‘వన్స్ మోర్’. హరిశ్చంద్రుడు కాటిలో నిలబడి ఏడుస్తూ, అదే పద్యం మళ్ళీ అందుకుంటాడు. కథ ఆగిపోయిందని ఎవరూ అనుకోరు.

సెవిల్ వైపు పాట, నాట్యం కలిసిన ఫ్లమెంకో కూడా ఇలాంటి జనం మధ్యనే బతుకుతుంది. పాడేవాడు, గిటారు, అడుగులు, చప్పట్లు. ఆ చప్పట్లు కూడా వాద్యమే, లెక్క ప్రకారం పడతాయి. కొత్తగా వెళ్ళినవాళ్ళు హుషారు పట్టలేక తామూ చప్పట్లు కలుపుతారు. అంతటితో తాళం చెడుతుంది. పాటగాడు మర్యాదకు నవ్వుతాడు, పక్కవాళ్ళు నవ్వరు. తెలియని కళ ముందు మొదటి రాత్రి చేతులు ముడుచుకుని, తెలిసినవాళ్ళు ఎక్కడ ‘ఒలే’ అంటున్నారో గమనిస్తూ కూర్చోవడమే మర్యాద. మన పద్యనాటకానికి కొత్తగా వచ్చినవాళ్ళకూ నేను ఇదే చెబుతాను. ఫోనులో వీడియో తీస్తూ దీపాల కాంతికి అడ్డు నిలబడే కుర్రాళ్ళకు ఇంకో మాట చెప్పాలని ఉంటుంది గాని, పుస్తకంలో రాయకూడదు.

దేవుడి ఉత్సవాల్లో ఈ అణకువ ఇంకా ఎక్కువ కావాలి. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి ఉంది. పెనుగంచిప్రోలు ఇంటి కోడలు. భర్త గోపయ్యస్వామితో కలిసి పూజలందుకుంటుంది. పెద్ద తిరునాళ్ళకు, చిన్న తిరునాళ్ళకు వచ్చే జనాన్ని చూస్తే ఆమె చుట్టుపక్కల జిల్లాల ఇంటి ఆడపిల్ల అనిపిస్తుంది. రెండేళ్ళకోసారి అమ్మవారి విగ్రహాలను జగ్గయ్యపేటకు తీసుకెళ్ళి రంగులు వేయించి, ఊళ్ళ మీదుగా ఊరేగింపుగా తిరిగి తెస్తారు. దారి పొడవునా వారపోసే నీళ్ళు, హారతులు. వీలైతే ఆ ఊరేగింపు దాటే ఒక చిన్న ఊళ్ళో ముందే వెళ్ళి నిలబడండి. సెవిల్‌లో ఈస్టర్‌కు ముందు వారం రోజులూ రంగులు దిద్దిన చెక్క విగ్రహాలను పీఠాల మీద ఊరేగిస్తారు. పీఠం కింద మోసేవాళ్ళు బయటికి కనపడరు. కెమెరాలు వెతికేది విగ్రహాన్ని. మీరు మాత్రం ఆ మోసేవాళ్ళు వంతు మార్చుకునే చోట నిలబడండి. పెనుగంచిప్రోలు ఊరేగింపులోనూ అంతే.

సెవిల్ ఏప్రిల్ సంబరం 1847లో పశువుల సంతగా మొదలైంది. ఇప్పుడు అక్కడ వేసే గుడారాలు చాలావరకు కుటుంబాలవి, సంఘాలవి. పిలుపు లేకపోతే లోపలికి రానివ్వరు. ముందే తెలుసుకోకపోతే గుడారాల మధ్య నడుచుకుంటూ వెనక్కి రావాల్సిందే. మన తిరునాళ్ళలో ఆ గొడవ లేదు. ఎవరి పంక్తిలో కూర్చున్నా విస్తరి వేస్తారు. ఎడ్ల బండలాగుడు పోటీల దగ్గర అయితే పక్కవాడు అడక్కుండానే ఏ జత ఏ ఊరిదో, పోయినేడు ఎంత దూరం లాగిందో చెప్పేస్తాడు. పరాయి ఊరు వెళ్ళినప్పుడు ఇంత చొరవ దొరకదని గుర్తుంచుకోండి. మన ఊరికి వచ్చిన పరాయివాళ్ళకు మాత్రం దాన్ని తగ్గించకండి.

ఇక చేయాల్సిన పని. వచ్చే ఆదివారం చీకటితో లేవండి. ఇంట్లో ఒక్కరిని, మాట తక్కువ మనిషిని, వెంట తీసుకెళ్ళండి. కొండపల్లికి మొదటి బస్సు పట్టుకోండి. కోట ఎక్కి దిగండి, కాలనీలో ఒక్క ఇంటి వసారాలో పూర్తిగా ఒక బొమ్మ పని చూడండి, ఎండ ముదిరేలోపు ఇంటికి వచ్చి పడుకోండి. సాయంత్రం ఊళ్ళో పాతకాలపు మనిషిని ఎవరినైనా మైలవరం నాటకాల గురించి అడగండి. ఇది చేయకుండా సెవిల్ టిక్కెట్టు కొనకండి. బొమ్మ నచ్చితే చేసినవాళ్ళ చేతి నుంచే కొనండి. వాళ్ళు చెప్పిన ధర ఇచ్చి రండి, బేరం ఆడొద్దు.